ఎడమ వైపు కుర్చీ

హెడ్‌ఫోను మెత్తలను తడిగుడ్డతో తుడిచి కిటికీ గట్టు మీద ఆరబెట్టబోతూ ఆమె ఆగిపోయింది. చెయ్యి అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోయింది గానీ, ఇవాళ దానితో పని లేదు. ఇవాళ్టి నుంచి అందరూ ఆఫీసుకు వచ్చి తీరాలని ఉత్తర్వు.

వంటింటికీ ముందు గదికీ మధ్య సందులాంటి చోట ఒక బల్ల, దాని మీద ఆఫీసు వాళ్ళిచ్చిన కంప్యూటరు, గోడకు ఆనుకుని ఒక కుర్చీ. కొన్నేళ్ళుగా వీధిదీపాల విభాగంలో ఆమె ఉద్యోగమంతా ఆ సందులోనే జరిగింది. ఫలానా వీధిలో దీపం వెలగడం లేదని ఎవరు రాసినా ఆ ఫిర్యాదు ఈ బల్ల మీదికే వచ్చేది. ఆమె దాన్ని ఆ వైపు లైన్‌మన్‌కు అప్పగించి, దీపం వెలిగేదాకా వెంటపడి, వెలిగాక ఫిర్యాదు చేసినవాళ్ళకు జవాబు రాసేది. ఇక్కడ పొయ్యి మీద కూర ఉడుకుతుంటే అక్కడ ఊరి చివర ఎక్కడో దీపం వెలిగేది.

"దాన్ని కూడా తీసుకెళ్తావా ఏంటి?" అన్నాడు భర్త. గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నవాడు, ఆ మాట అనడానికి లేచి, ఆమె ఎడమ పక్కకు వచ్చి మరీ అన్నాడు.

"ఎందుకూ? అక్కడ మనుషులు ఎదురుగానే ఉంటారుగా."

"అదేగా నీ బాధ."

ఆమె నవ్వలేదు. హెడ్‌ఫోను వైరు చుట్టి సొరుగులో పెట్టింది.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఉత్తర్వు వచ్చిన కొత్తలో పేపర్ల నిండా అదే గొడవ. ఉద్యోగులు ఇంట్లో కూర్చుని కునుకు తీస్తున్నారని కొందరు, ఇంటి దగ్గరే పని చకచకా సాగుతోందని కొందరు. ఆయన పేపరు మడిచి, "నేనెప్పుడైనా బస్సును వంటింట్లోంచి నడుపుతానని అడిగానా?" అన్నాడు. డిపోలో అందరిదీ అదే మాటట. ఎండైనా వానైనా పనిలోకి వెళ్ళక తప్పనివాళ్ళకు ఈ గొడవంతా వేడుకగానే ఉంటుంది మరి. కానీ ఆమె ముఖం చూశాక ఆయన ఆ పరాచికం మళ్ళీ ఆడలేదు.

ఆమెకు కుడి చెవి వినిపించదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆ చెవిని పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పొద్దని తల్లి నేర్పింది. ఎవరైనా మాట్లాడుతుంటే తల కాస్త కుడికి తిప్పి, ఎడమ చెవి అప్పగించి, నవ్వుతూ ఉండమంది. ఆమె అలాగే ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు వైద్య పరీక్ష చేసిన డాక్టరు ఎడమ పక్క నిలబడి ఒక మాట గొణిగాడు. కుడి పక్కకు వెళ్ళి మళ్ళీ ఏదో గొణిగాడు. ఆమె మొదటి మాటే రెండోసారీ అప్పజెప్పింది. బయట జనం బారులు తీరి ఉన్నారు. డాక్టరు తలెత్తకుండా సంతకం గీకేశాడు. ఆయనా రెండుసార్లూ ఒకే మాట గొణిగి ఉంటాడని ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

పెళ్ళయిన వారానికే భర్త కనిపెట్టాడు. కనిపెట్టి ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి రోడ్డు మీద ఆమెకు ఎడమ వైపున నడవడం మొదలుపెట్టాడు, అంతే. ఇద్దరికీ మాటామాటా పెరిగిన రోజున మాత్రం ఆమె ఎడమ చెవిని దిండుకు ఆనించి పడుకునేది. లోకం అక్కడికి ఆగిపోయేది. ఆయన కాసేపు గోడతో పోట్లాడి తనూ పడుకునేవాడు.

"చెప్పెయ్యరాదూ?" అన్నాడాయన ఇప్పుడు, టిఫిను డబ్బా ఆమె సంచిలో పెడుతూ.

"ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడు చెబితే ఏమనుకుంటారు?"

"చెవుడనుకుంటారు. ఇన్నాళ్ళూ గర్వమనుకున్నారు. రెంట్లో ఏది నయమో నువ్వే చూసుకో."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పులు వేసుకుంటుంటే ఎదురింటావిడ ఏదో అంది. ఆమె తల తిప్పేసరికి చివరి ముక్క దొరికింది. సెలవులు అయిపోయాయన్నమాట, అని. "అయిపోయాయండీ," అని నవ్వి మెట్లు దిగింది. వివరించి చెప్పాలంటే చాలా ఉంది. బస్సు వచ్చే వేళయింది.

ఆఫీసులో ఆమెను అందరూ వదినగారు అంటారు. ఆమె మరిది కొన్నాళ్ళు అదే సెక్షన్‌లో పనిచేశాడు. అతను వదినా అని పిలవడం చూసి పక్క బల్లవాళ్ళు వదినగారూ అన్నారు. మరిది వేరే ఊరికి బదిలీ అయిపోయినా పిలుపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. వెనక ఇంకో పేరు కూడా ఉంది. పలకని వదిన. వరండాలో కుడి వైపు నుంచి పలకరిస్తే ఆమె చూడకుండా వెళ్ళిపోయేది. పదిమంది ఒక్కసారిగా మాట్లాడుతుంటే ఆమె ముఖం మీద ఒకటే చిరునవ్వు, మాటకు సంబంధం లేకుండా. నవ్వాల్సిన చోట పక్కవాళ్ళ ముఖం చూసి నవ్వేది. దానికి కొంచెం ఆలస్యమయ్యేది. ఆ ఆలస్యం చూసినవాళ్ళు ఆవిడకు మన మాటలు ఆనవులే అనుకున్నారు.

ఇంటి నుంచి పని మొదలయ్యాక అదంతా తలకిందులైంది. కంప్యూటరులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. లేకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. హెడ్‌ఫోను పెట్టుకుని శబ్దం పెంచుకుంటే ఒక్కొక్కరి గొంతూ నేరుగా మంచి చెవిలోకి వచ్చి వాలేది. పక్క బల్లవాళ్ళ గొంతులు ఎలా ఉంటాయో ఆమెకు అప్పుడు తెలిసింది. ఉద్యోగుల సంఘం కార్యదర్శి ఎంత గట్టిగా అరిచినా మాట చివర కాస్త వణుకుతుందని తెలిసింది. స్టెనో టైపు చేస్తూ సన్నగా కూనిరాగం తీస్తుందని తెలిసింది. ఆ పిల్లకు ఆమె కూతురంత వయసు ఉంటుంది. చంటిబిడ్డ తల్లి. మీటింగు అయ్యాక అందరూ వెళ్ళిపోతే ఆ ఇద్దరే లైనులో ఉండిపోయేవారు. బిడ్డ ముద్ద మింగడం లేదని స్టెనో, నోట్లో పెట్టి పాట పాడు, పాట వినడానికి మింగుతుంది అని ఈమె. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు దొరికిన మొదటి స్నేహితురాలు అలా ఒక వైరు గుండా వచ్చింది.

బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కుతుంటే ఆమెకు ధైర్యం చెప్పింది ఒకే ఒక్క సంగతి. తన పాత మూల. కుడి పక్కన గోడ, ఎడమ పక్కన లోకం. అటు వైపు నుంచి ఎవరూ వచ్చే వీలు లేదు. చేరిన కొత్తలో ఎంతో బతిమాలి సంపాదించుకున్న చోటు అది.

పైకి వెళ్ళి చూస్తే గోడే లేదు.

అందరూ ఇళ్ళలో ఉన్న రోజుల్లో ఆఫీసుకు మరమ్మతు చేశారు. గదుల మధ్య అడ్డుగోడలు తీసేసి ఒకటే హాలు చేశారు. నున్నటి గచ్చు, బోలెడు వెలుతురు, వరసగా కొత్త బల్లలు. ఆమె బల్ల సరిగ్గా నడిమధ్యన వచ్చింది. కుర్చీలు లాగుతున్న చప్పుడు, పంకాల హోరు, ఏళ్ళ తర్వాత కలిసినవాళ్ళ పలకరింపులు, అన్నీ కలిసి ఒకే రొద అయి ఆమె ఎడమ చెవిలోకి చొరబడ్డాయి. అందులోంచి ఒక్క మాట కూడా విడిగా రావడం లేదు. బియ్యంలో రాళ్ళు కలిసిపోయినట్టుంది.

అయినా చూడ్డానికి బాగుంది. కంప్యూటరులో భుజాల దాకానే తెలిసిన మేడమ్, ఈ మధ్యే వచ్చిన ఆఫీసరు, తన గదిలోంచి బయటికి వస్తే అందరూ తలలు పైకెత్తాల్సి వచ్చింది. అంత పొడుగు మనిషని ఎవరూ ఊహించలేదు. "ఇంతకాలం సగం మేడమ్‌తోనే సరిపెట్టుకున్నాం," అని ఎవరో అన్నట్టున్నారు, గుంపంతా నవ్వింది. ఆమె నవ్వు అందరికన్నా ఒక క్షణం వెనక వచ్చింది.

స్టెనో వచ్చింది సెల్‌ఫోను చేత్తో పట్టుకుని. వదినగారి కుడి వైపు నుంచి వచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎదురుగా తెరిచిన కంప్యూటరులో వీధి పేర్లు చూసుకుంటోంది. ఏదో నీడ కదిలినట్టయి తల తిప్పేసరికి స్టెనో అప్పటికే వెనక్కి తిరిగింది. అవతలి బల్ల దగ్గరికి వెళ్ళి ఏదో అంది. వినపడకపోయినా పెదవులు చదవడం ఆమెకు బాగా వచ్చు. ఇంత బతుకూ ఆ విద్య మీదే నెట్టుకొచ్చింది. "మూడుసార్లు పిలిచాను. ఆఫీసుకు రాగానే మళ్ళీ పాత వదినగారే."

ఫోనులో బిడ్డ ఫొటో ఏదో చూపించబోయి ఉంటుంది. లేచి వెళ్ళి అడగాలనుకుంది. ఏమని అడగాలి? ఒక వీధి పేరునే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చుంది.

"ఇక్కడ ఎవరైనా కూర్చుంటారా వదినగారూ?"

ఆ గొంతు ఎడమ వైపు నుంచి, తేటగా, చెవికి దగ్గరగా వచ్చింది. తలెత్తితే వంతగారు. ఆమె జవాబు కోసం చూడకుండానే కుర్చీ లాక్కుని ఆమెకు ఎడమ పక్కన కూర్చున్నాడు.

ఆయన సెక్షన్‌లో అందరికన్నా పెద్ద. బట్టతల, పెద్ద పెద్ద చెవులు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. ఆఫీసరు ఏదంటే దాన్ని తిరిగి అనేవాడు. "రేపటికల్లా కావాలి," అని ఆఫీసరంటే, "అవును, రేపటికల్లా కావాలట," అని ఈయన. ఎంతమంది ఆఫీసర్లు మారినా ఆ వంత మాత్రం మారలేదు. అధికారి ముందు తోక ఆడిస్తాడని చాటున చెప్పుకునేవారు. ఆయన ముందూ చెప్పుకునేవారు. ఆమెకు కూడా మొదట్లో ఆయనంటే చులకనే. అయితే ఆ వంత వల్ల తప్పిపోయిన మాట రెండోసారి దొరికేది. అందుకని మనసులో ఎక్కడో ఒక కృతజ్ఞత కూడా ఉండేది, అదృష్టవశాత్తూ నీడ దొరికితే చెట్టు మీద ఉండే కృతజ్ఞతలాంటిది.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచే వేళకు అందరూ కిటికీల వైపు గుంపుగా చేరారు. ఆమె తన బల్ల దగ్గరే ఉండిపోయింది. వంతగారూ కదల్లేదు.

"మీరు డబ్బా తెచ్చుకోలేదా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళిపోదామనే వచ్చాను. బీరువా తాళాలు, గుర్తింపు కార్డు ఇచ్చేస్తే అయిపోతుంది. మీటింగు ఉందన్నారని ఆగాను."

"ఇచ్చెయ్యడమేంటి?"

"ఉద్యోగం మానేస్తున్నాను. కాగితం పోయిన నెలే పెట్టాను."

ఆమె చేతిలోని ముద్ద డబ్బాలో పెట్టేసింది. ఆయన భార్య బాత్రూములో జారిపడి తుంటి విరిగిందని, మంచం మీదే ఉందని ఆమెకు తెలుసు. ఇంటి నుంచి పని కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదని అనుకుంటూ వచ్చింది.

"మేడమ్‌ను అడగాల్సింది. ఇలాంటివాళ్ళకు మినహాయింపు ఇస్తారేమో."

"అడగలేదు."

"ఎందుకని?"

"మీరేమైనా అడిగారా ఇన్నేళ్ళూ?" అని నవ్వాడు. ఆమెకు అర్థం కాలేదు. ఆయన మాట మార్చాడు. "బాధతో మానేస్తున్నాననుకోకండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను చూసింది పొద్దున కాసేపు, సాయంత్రం అలిసిపోయాక కాసేపు. ఈ కొన్నేళ్ళలోనే మేమిద్దరం పరిచయమయ్యాం. మంచిదే ఆవిడ. ఆ మాట నాకు ముందే తెలిసుంటే లంచికి ఇంటికి వెళ్ళేవాణ్ణి."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ తడబాటులో, వాతావరణం తేలిక చెయ్యడానికి, నోటికి వచ్చింది అనేసింది.

"అయినా అన్నయ్యగారూ, కంప్యూటరు మీటింగుల్లో మీరు ఒక్కసారి కూడా వంత పాడలేదు. ఆఫీసరు ఎదురుగా లేకపోతే మీకు ఉత్సాహం రాదని మనవాళ్ళు అనుకునేవారు."

"అక్కడ నా వంతతో పనేముందండీ? మీకు చెవికి హెడ్‌ఫోను ఉందిగా."

ఆయన ఆ మాటను ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు అన్నాడు. ఆమె కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. కిటికీల దగ్గర ఎవరో పెద్దగా నవ్వారు.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు చేరిన వారంలోనే. మా అమ్మకూ అంతే. కుడి వైపు నుంచి పిలిస్తే ఎడమ వైపు చూసేది. మీరూ అలాగే చూశారు."

"ఎవరికీ చెప్పలేదేం?"

"మీ చెవి గురించి నేను చెప్పడమేంటండీ." ఆయన జేబులోని పెన్నులు సర్దుకున్నాడు. "మీరు చెప్పుకోలేదంటే మీకేదో ఇబ్బంది ఉండే ఉంటుంది."

"అందరూ మిమ్మల్ని అన్ని మాటలన్నారు. నేనూ అనుకున్నాను."

"అననివ్వండి. ఏదో ఒకటి అనకపోతే వాళ్ళకు మాత్రం పొద్దెలా పోతుంది?"

ఆమె డబ్బా మూత పెట్టేసింది. ఆకలి ఎటు పోయిందో పోయింది. అన్నేళ్ళుగా తన పక్కన ఒక మనిషి తెలిసే తన సొంత పరువును కొంచెం కొంచెంగా ఖర్చు పెడుతూ కూర్చున్నాడు. తను దాన్ని అదృష్టం అనుకుంది. చెట్టు నీడ అనుకుంది.

మధ్యాహ్నం దాటాక మేడమ్ అందర్నీ హాలు మధ్యకు పిలిచింది. కుర్చీలు గుండ్రంగా వేశారు. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పండి, పైవాళ్ళకు మన సెక్షను మాట రాసి పంపిస్తాను అంది. వంతగారు ఆమెకు ఎడమ పక్కనే కూర్చున్నాడు.

ముందు స్టెనో లేచింది. ఇక్కడికి రావడానికి పోవడానికి పట్టే సేపట్లో తన బిడ్డ రెండుసార్లు నిద్రపోయి లేస్తుందని చెప్పింది. తర్వాత బిల్లుల లెక్కలు చూసే ఆయన లేచాడు. ఒంటరి మనిషి. "నేను మాత్రం రోజూ వస్తానండి. ఇంట్లో గోడలతో మాట్లాడీ మాట్లాడీ అవి కూడా విసుక్కుంటున్నాయి," అన్నాడు. నవ్వులు. ఇంతలో ఇంకొకరు అందుకున్నారు. ఒకరి మాట మీద ఒకరు. ఆ రొదలోంచి ఆమెకు ఎడమ పక్క గొంతు ఒక్కటే తీగలాగా సాగి వచ్చింది. బిడ్డ రెండుసార్లు నిద్రపోయి లేస్తుందట. అవును, గోడలు విసుక్కుంటున్నాయట. కౌంటరు దగ్గర మనుషులే లేకపోతే ముసలివాళ్ళు ఎవరితో చెప్పుకుంటారంటున్నారు, నిజమే.

సంఘం కార్యదర్శి మాట్లాడటానికి లేచాడు. ఉద్యోగుల తరఫున చెప్పాల్సింది చాలా ఉన్నట్టుంది, చేతిలో కాగితం కూడా లేకుండా మొదలుపెట్టాడు. "ఈ ఉత్తర్వు మనల్ని ఒక్క మాట అడగకుండా ఇచ్చారు."

"అడగకుండా ఇచ్చారు, అవును," అన్నాడు వంతగారు.

"మనం పనిచేయలేదన్నవాళ్ళు ఒక్క దీపం లెక్క కూడా చూపించలేదు."

"చూపించలేదు, లెక్క చూపించలేదు."

కార్యదర్శి ఆగి ఆయన వైపు తిరిగాడు. "మీకేంటండీ ఈ జబ్బు? ఇన్నాళ్ళూ ఆఫీసర్లకు పాడారు, ఇవాళ నాకు మొదలుపెట్టారు. పోతూ పోతూ కూడానా? మేడమ్‌గారు ఇక్కడే ఉన్నారు, ఆవిడకు చెవులున్నాయి."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు వినపడాల్సిన పని లేదు, కనిపించింది. స్టెనో నవ్వింది. గోడలతో మాట్లాడే ఆయన నవ్వాడు. వంతగారు కూడా నవ్వుతున్నాడు, ఎప్పటిలాగే, తల కొంచెం వంచుకుని. ఆయన పెద్ద చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆమె లేచి నిలబడింది. లేవాలని అనుకోలేదు. లేచాక ఇక కూర్చోవడం కుదరలేదు.

"ఆయన పాడింది మేడమ్ కోసం కాదండి," అంది. "నా కోసం."

నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆమె గొంతు పెంచింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు సరిగ్గా తెలియదు.

"నాకు కుడి చెవి వినిపించదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎడమది కూడా గోల ఎక్కువైతే మాట పట్టుకోలేదు. ఈ సెక్షన్‌లో ఇన్నేళ్ళూ నేను విన్నదంతా ఈయన రెండోసారి చెబితే విన్నదే. ఆ సంగతి నాకూ ఇవాళే తెలిసింది. మీరేమో ఈయన్ని ఆఫీసరు మనిషన్నారు. నేను కూడా అనుకున్నాను. తప్పు."

ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు అది తన చెవి వల్ల వచ్చిన నిశ్శబ్దమో, నిజంగా వచ్చిందో అర్థం కాక ముఖాలు చూసింది. పెదవులేవీ కదలడం లేదు. నిజమే.

"ఇంటి నుంచి పని చేస్తుంటే మీరందరూ నాకు వినిపించారు. ఒక్కొక్కరి గొంతు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఇంట్లోనే ఉండనివ్వమని అడుగుదామనుకున్నాను. కానీ ఇంట్లో ఉంటే వినిపిస్తారు గానీ, పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు. నాకు రెండూ కావాలి. కొన్ని రోజులు అక్కడ, కొన్ని రోజులు ఇక్కడ. ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం ఒక్కొక్కరే మాట్లాడండి. ఎడమ వైపు నుంచి పిలవండి. అంతకన్నా నేను అడిగేదేం లేదు."

ఆమె కూర్చుంది. వంతగారు ఆమె వైపు చూడలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో తనను బహిరంగంగా పట్టుకున్నట్టు, నేల చూస్తూ ఉన్నాడు. కార్యదర్శి నిలబడే ఉన్నాడు. మాట్లాడటం కోసం చాలాసార్లు లేచిన మనిషి, కూర్చోవడమెలాగో మర్చిపోయినట్టున్నాడు. చివరికి, "నాకు తెలియదండీ," అని కూర్చున్నాడు. మాట చివర వణుకు ఆమెకు హెడ్‌ఫోను లేకుండానే తెలిసింది.

మేడమ్ అప్పటిదాకా కుడి వైపు కుర్చీలో ఉంది. లేచి, ఆ పొడుగు మనిషి గుండ్రం మధ్యలోంచి నడిచి ఇవతలి వైపుకు వచ్చి నిలబడింది.

"ఇప్పుడు వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది మేడమ్."

"సరే. చెయ్యి ఎత్తినవాళ్ళే మాట్లాడాలి. ఒకరు ముగించాకే ఇంకొకరు. మినహాయింపులు అడగాల్సినవాళ్ళు ఇప్పుడే అడగండి, దాచుకోవద్దు. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. అడగనిది మాత్రం నేను రాయలేను."

ఆ తర్వాత మీటింగు చాలాసేపు సాగింది. అంతకుముందు అనని సంగతులు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. ఒకావిడకు మెట్లు ఎక్కితే ఆయాసం, ఎవరికీ చెప్పలేదు. ఒకాయనకు సాయంత్రమైతే చూపు ఆనదు, వీధిదీపాల విభాగంలో ఉండి ఆ మాట చెప్పుకోవడం నామర్దా అనుకున్నాడు. ఈసారి నవ్వు వచ్చినప్పుడు ఆమె అందరితో పాటే నవ్వింది. స్టెనో మధ్యలో లేచి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ పక్కన వంగింది.

"పొద్దున మూడుసార్లు పిలిచాను వదినగారూ."

"నీ ముఖం చూశాక తెలిసింది."

"నాతో అన్ని గంటలు మాట్లాడారు. ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"నీ పాట వింటూ ఉండిపోయాను," అంది ఆమె. "చెప్పాల్సింది."

స్టెనో ఫోను తీసి బిడ్డ ఫొటో చూపించింది. నోటినిండా ముద్ద, కళ్ళనిండా కోపం. చూపించాక స్టెనో అక్కడే ఎడమ పక్క కుర్చీలో కూర్చుండిపోయింది. అప్పుడు గానీ వంతగారు కూర్చున్న ఆ కుర్చీ ఖాళీ అయిందని ఆమె గమనించలేదు. చాలాసేపటి నుంచి ఎవరూ వంత పాడటం లేదని, అయినా తనకు అన్ని మాటలూ అందుతున్నాయని అప్పుడే తట్టింది.

మీటింగు ముగిసింది. మేడమ్ గదిలోకి వెళ్తూ ఆమె దగ్గర ఆగి, వంతగారి రాజీనామా కాగితం ఇంకా తన బల్ల మీదే ఉందని, ఇందాక ఆయన లేచి తన దగ్గరికి వచ్చినప్పుడు వెనక్కి తీసుకుంటారేమో అడిగి చూశానని చెప్పింది. "తాళాలు నా చేతిలో పెట్టి, ఇంటి దగ్గర ఒక మనిషి ఎదురుచూస్తోందన్నారు. అంత సంతోషంగా వెళ్ళేవాళ్ళను ఆపడం నాకు చేతకాలేదు."

కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే వీధి చివర బస్టాపులో బట్టతల ఒకటి మెరిసింది. బస్సు వచ్చి ఆగి, కదిలింది. స్టాపు ఖాళీ అయింది. రేపో ఎల్లుండో ఆయన ఇంటికి వెళ్ళాలనుకుంది. ఆయన భార్యను చూసి రావాలి. తనకు ఆవిడ గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

హాలులో ఒక్కొక్కరే సంచులు సర్దుకుంటున్నారు. కార్యదర్శి వెళ్తూ చుట్టూ తిరిగి ఎడమ వైపుకు వచ్చి, "వస్తాను వదినగారూ," అన్నాడు. గోడలతో మాట్లాడే ఆయన కూడా అలాగే చుట్టు తిరిగి వచ్చి చెప్పాడు. చివరి ఫిర్యాదుకు జవాబు పంపించేసి వెళ్దామని ఆమె తన బల్ల దగ్గరికి వచ్చింది.

బల్ల మీద, ఎడమ చేతికి అందే చోట, కింది అంతస్తు క్యాంటీను నుంచి తెచ్చిన టీ గ్లాసు ఒకటి ఉంది. ఎవరు పెట్టారో గానీ, చల్లారిపోకుండా దాని మీద సాసరు బోర్లించి ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.